ఫ్రాన్స్‌లో బ్రెడ్ ఏ రోజుకారోజే ఎందుకు కొంటారు?

వారానికి సరిపడా ఒకేసారి తెచ్చుకోవచ్చు కదా అని మీరడిగారు. అక్కడ రోజూ తినే పొడవాటి కర్రలాంటి బ్రెడ్, బాగెట్, అంతసేపు ఆగదు. పొద్దున కొన్నది సాయంత్రానికే గట్టిపడుతుంది, మర్నాటికి కొరకలేం.

అందులోనూ 'ట్రాడిషన్' రకానికి 1993లో ప్రభుత్వం నిబంధనలు పెట్టింది. గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, పులియబెట్టడానికి ఈస్ట్ లేదా పులిసిన పిండి. చిక్కుడు, సోయా, మాల్ట్ పిండి మాత్రం చిటికెడు కలపొచ్చు. నిల్వ ఉంచే రసాయనాలు వేయకూడదు, పిండిని ఫ్రీజర్‌లో పెట్టకూడదు. కొంచెం ఖరీదెక్కువైనా నా ఓటు దీనికే. పైపొర కరకరలాడుతుంది, లోపల మీగడ రంగులో చిన్నాపెద్దా గుల్లలుంటాయి.

దుకాణాల సంగతీ ముఖ్యమే. 1998 చట్టం ప్రకారం పిండి కలపడం నుంచి కాల్చడం దాకా అన్నీ అక్కడే చేస్తేనే 'బులాంజెరీ' (బ్రెడ్ దుకాణం) అని బోర్డు పెట్టుకోవాలి. బయటి నుంచి ఫ్రోజెన్ పిండి తెచ్చి కాల్చి అమ్మేవాళ్లకు ఆ పేరు వాడే హక్కు లేదు. చేతిపనిని కాపాడిన మంచి చట్టమిది.

కొనేటప్పుడు బాగా కాలినది కావాలో, లేతగా కాలినది కావాలో అడిగి తీసుకోవచ్చు. ఇంటికెళ్లేలోపు కొస తుంచుకు తినేయడం అక్కడ అందరికీ అలవాటే. 2022లో యునెస్కో గుర్తించింది కూడా ఈ తయారీ నైపుణ్యాన్నీ, దాని చుట్టూ అల్లుకున్న అలవాట్లనీ.