వేడి మీది, అలంకారం పిల్లలది

పండగ సెలవులు దగ్గరపడుతున్నాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. కుకీలు, క్యాండీలు, చాక్లెట్ ముందు పెట్టుకుని పిల్లలతో ఏం చేయాలి, ఎలా చేయాలి అని చాలామంది రాస్తున్నారు. పిల్లలకు బేకింగ్ నేర్పేదాన్ని కాబట్టి ఇవి నాకు చాలా ఇష్టమైన ప్రశ్నలు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: కుకీలను ముంచడానికి వైట్ చాక్లెట్ కరిగిస్తున్నాను. బాగానే కరుగుతోంది అనుకునేలోపు ఒక్కసారిగా ముద్దకట్టి పలుకులు పలుకులుగా అయిపోయింది. ఎంత కలిపినా మళ్లీ జారుగా కాలేదు. పిల్లలేమో కుకీలు చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నారు! దాన్ని పారేయాల్సిందేనా? – ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: పారేయకండి. అందులోకి ఎక్కడినుంచో ఒక నీటి చుక్క పోయి ఉంటుంది. గిన్నె సరిగా తుడవకపోయినా, గరిటె తడిగా ఉన్నా, కరిగించడానికి కింద పెట్టిన గిన్నెలో మరిగే నీళ్ల ఆవిరి చాక్లెట్ గిన్నెలోకి తిరిగినా చాలు. చాక్లెట్‌లో చక్కెర రేణువులు కొవ్వులో విడివిడిగా ఉంటాయి. కాస్త తడి తగిలిందంటే అవి ఒకదానికొకటి అంటుకుని బిగుసుకుపోతాయి. చుక్క నీటితో చెడిన చాక్లెట్ ఇంకాస్త ఎక్కువ ద్రవం పోస్తే దారికి వస్తుంది. 100 గ్రాముల చాక్లెట్‌కి రెండు మూడు పెద్ద చెంచాల గోరువెచ్చని పాలు గానీ క్రీమ్ గానీ తీసుకుని, ఒక్కో చెంచా పోస్తూ కలపండి. నున్నటి సాస్ అవుతుంది. కుకీలను ముంచితే ఇది గట్టిపడదు కాబట్టి, రెండు కుకీల మధ్య పూతగా వాడుకోండి. ఎదురుచూస్తున్న పిల్లల చేతికి వెంటనే పని దొరుకుతుంది.

ఈసారి కరిగించేటప్పుడు గిన్నె, గరిటె పొడిగుడ్డతో తుడవండి. కింద గిన్నెలో నీళ్లు కొద్దిగానే పోయండి, పై గిన్నె అడుగుకి తగలకూడదు. నీళ్లు మరిగాక స్టవ్ ఆపేసి, ఆ తర్వాత చాక్లెట్ గిన్నె పెట్టండి. ముప్పాతిక వంతు కరగగానే దించి కలుపుతూ ఉంటే మిగతాది ఆ వేడికే కరుగుతుంది. మైక్రోవేవ్ అయితే సగం పవర్‌లో ముప్పై సెకన్లు పెట్టడం, తీసి కలపడం, మళ్లీ పెట్టడం. వైట్ చాక్లెట్‌లో పాల పదార్థం, చక్కెర ఎక్కువ. అందుకే డార్క్ చాక్లెట్ కంటే తొందరగా మాడుతుంది.

చాక్లెట్ మరీ చిక్కగా ఉంటే 100 గ్రాములకు ఒక చిన్న చెంచా వాసన లేని నూనె కలపండి. వెన్న మాత్రం వద్దు, అందులో కొంత నీరు ఉంటుంది. రంగు వేయాలన్నా నీళ్లలో కలిపిన ఫుడ్ కలర్ వాడకూడదు. మళ్లీ అదే కథ. నూనెలో కలిసే రంగు గానీ పొడి రంగు గానీ తీసుకోండి.

ఇంకో మాట. కోకో వెన్న ఉన్న అసలు చాక్లెట్‌ని మామూలుగా కరిగించి ఆరబెడితే ఒకటి రెండు రోజుల్లో పైన తెల్లటి చారలు వస్తాయి. రుచి కాస్త మారుతుందేమో గానీ తినడానికి భయం లేదు. చారలు రాకుండా ఉండాలంటే టెంపరింగ్ చేయాలి. డార్క్ చాక్లెట్‌ని 45 డిగ్రీల దాకా వేడిచేసి, 27 కి దించి, మళ్లీ 31 కి తేవాలి. పిల్లలు పక్కన ఉండగా ఈ పని పెట్టుకోవద్దు. పిల్లలతో చేసే రోజుకి కాంపౌండ్ చాక్లెట్టే సరైనది. అందులో కోకో వెన్న బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది కాబట్టి కరిగించి ముంచితే చాలు. నాణ్యమైన చాక్లెట్ కొన్నారా, దాన్ని అలాగే తినండి, అదే దానికి న్యాయం.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి మూడేళ్లు. ఇద్దరినీ కూర్చోబెడితే పావుగంటలో గొడవ. పాప చేసింది బాబు సరిచేస్తాడు, పాప ఏడుస్తుంది. ఇద్దరికీ పని దొరికేలా ఏం చేయించవచ్చు? – ఒక నాన్న

జవాబు: ముందు ఇద్దరికీ వేరువేరు ట్రేలు ఇవ్వండి. ఒకే ట్రే పెడితే సరిచేయడం మొదలవుతుంది. పనులు కూడా వేరుగా ఉండాలి. మూడేళ్ల పాపకు నొక్కడం, చల్లడం, నలగ్గొట్టడం ఇష్టం. జిప్ కవర్‌లో బిస్కెట్లు వేసి గట్టిగా మూసి, చపాతీ కర్ర చేతికిస్తే ఎంతసేపైనా కొడుతుంది. ఆ పొడిలో క్రీమ్ చీజ్ కలిపి ఉండలు చేయండి. ఫ్రిజ్‌లో అరగంట పెట్టి తీసి, బాబు చేత చాక్లెట్‌లో ముంచించండి. అవి గట్టిపడేలోపు పాప స్ప్రింకిల్స్ (రంగురంగుల సన్న చక్కెర పలుకులు) చల్లుతుంది. పాప లేకపోతే బాబు పని మొదలవదు, బాబు లేకపోతే పాప పని పూర్తవదు.

రెయిన్‌డీర్ (కొమ్ముల మంచు జింక) కుకీ కూడా వీళ్లిద్దరికీ బాగుంటుంది. గుండ్రటి కుకీ పైభాగానికి చాక్లెట్ పూత, ప్రెట్జెల్‌ని (ముడి ఆకారంలో ఉండే కరకరలాడే బిస్కెట్) సగానికి విరిస్తే రెండు కొమ్ములు, తెల్ల క్యాండీతో కళ్లు, ఎర్ర క్యాండీతో ముక్కు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. పది కుకీలకూ ఒకేసారి పూత వేసేస్తే మూడోది అలంకరించేసరికి మిగతావి గట్టిపడిపోతాయి, తర్వాత పెట్టిన కొమ్ములు ఊడిపోతాయి. ఒక కుకీకి పూత వేయడం, దాన్ని అలంకరించడం, అయ్యాకే రెండోది తీయడం. చాక్లెట్ పైన తడి మెరుపు ఉన్నంతసేపే టైమ్ ఉన్నట్టు. మెరుపు పోయి మసకబారిందంటే ఇక ఏదీ అంటుకోదు. ఈ గుర్తు మీ బాబుకి చూపించండి. 'నాన్నా, మెరుస్తోందా లేదా చూసి చెప్పు' అని అడిగితే చెల్లి ముక్కు ఎక్కడ పెట్టిందో చూసే తీరిక వాడికి ఉండదు. కొమ్ములు నిలబడాలంటే పూతలోకి నొక్కి, పది లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి. ఆ లెక్క పాపకి అప్పగించండి.

పాప ముక్కుని నుదుటి మీద పెడుతుంది. పెట్టనివ్వండి, మీరు కూడా సరిచేయకండి. ఆ వయసు పిల్లలకు ఎక్కడ పెట్టామన్నది కాదు, నొక్కగానే ముక్కు అక్కడే ఆగిపోవడమే సంబరం. ఇరవై నిమిషాలకు విసుగు వస్తే వదిలేయండి, మళ్లీ రావాలనిపిస్తే వస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. నాలుగేళ్లలోపు పిల్లలకు గట్టి క్యాండీ, గుండ్రటి జిగురు క్యాండీ, మార్ష్‌మాలో (దూదిలా మెత్తగా ఉండే తీపి), విరగ్గొట్టని గింజలు నోట్లోకి వెళ్లకూడదు. గొంతుకి అడ్డం పడతాయి. పాప ట్రే మీద బిస్కెట్ పొడి, మెత్తటి చాక్లెట్ చిప్స్, సన్న స్ప్రింకిల్స్ మాత్రమే ఉండనివ్వండి. క్యాండీ ముక్కులు బాబు ట్రేలోనే. పాప ముక్కుకి సగం చాక్లెట్ చిప్ సరిపోతుంది.

ప్రశ్న: మనవలు ఈ తీపి సరుకంతా తిని ఇల్లు పీకి పందిరేస్తారని భయం. చక్కెర తింటే పిల్లల్ని పట్టలేమంటారు కదా? – ఒక తాతగారు

జవాబు: తాతయ్యగారూ, ఆ ఒక్క భయం మీరు వదిలేయవచ్చు. పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా తెలియకుండా కొందరికి చక్కెర, కొందరికి చక్కెర లేని తీపి ఇచ్చి చేసిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి చూసిన విశ్లేషణ 1995లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. చక్కెర పిల్లల ప్రవర్తనను మార్చినట్టు అందులో తేలలేదు. అంతకు ముందు ఏడాది ఇంకో అధ్యయనం వచ్చింది. పిల్లలకు చక్కెర ఇవ్వకుండానే, ఇచ్చామని కొందరు తల్లులకు చెప్పారు. ఆ తల్లులే తమ పిల్లలు మరీ అల్లరి చేస్తున్నారని అన్నారు. పండగ రోజు అల్లరికి పదిమంది పిల్లలు ఒకచోట చేరడమే చాలు.

రంగుల విషయం వేరు. కొన్ని కృత్రిమ రంగులు, ఆహారం పాడవకుండా వేసే సోడియం బెంజోయేట్ కలిపి ఇస్తే కొందరు పిల్లల్లో చంచలత్వం పెరిగిందని 2007లో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం చెప్పింది. 2010 నుంచి ఐరోపా దేశాల్లో ఆ అధ్యయనంలోని ఆరు రంగుల్లో ఏది వాడినా లేబుల్ మీద హెచ్చరిక వేయాల్సిందే. కాబట్టి రంగు క్యాండీ అలంకారానికి మాత్రమే, గుప్పెళ్లతో తినడానికి కాదు.

అసలు ఆలోచించాల్సింది పళ్ల గురించి. రోజంతా కొంచెం కొంచెం తింటూ ఉండడం, నోట్లో పెట్టుకుని గంటలు చప్పరించడం పళ్లకు చేటు. భోజనం అవగానే తిని, నీళ్లు తాగి, రాత్రి బ్రష్ చేసుకుంటే నష్టం తగ్గుతుంది. విడిగా కలిపే చక్కెర రోజు మొత్తం కేలరీల్లో పది శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 1500 కేలరీలు తినే పిల్లలకు అది 37 గ్రాములు. ఇరవై కుకీలు చేసినా అన్నీ ఆ రోజే తినక్కర్లేదు, పంచిపెట్టడం కూడా పిల్లలకు ఇష్టమే.

ప్రశ్న: బిస్కెట్లతో చిన్న ఇల్లు కడుతున్నాం. పైకప్పు పెట్టగానే జారి పడిపోతోంది. పిల్లల ముఖాలు చూడలేకపోతున్నాను. – ఒక పిన్ని

జవాబు: రెండు కారణాలు ఉంటాయి. ఐసింగ్, అంటే అంటించడానికి వాడే చక్కెర పూత, పలచగా ఉండడం, గోడలు ఆరకముందే పైకప్పు వేయడం. ఒక గుడ్డు తెల్లసొనకు దాదాపు 200 గ్రాముల ఐసింగ్ షుగర్ (మెత్తటి చక్కెర పొడి) వేసి గట్టిగా గిలక్కొట్టాలి. కత్తితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి, అప్పుడే అది గోడలు అంటించడానికి పనికొస్తుంది. పచ్చి తెల్లసొనలో సాల్మొనెల్లా అనే హాని చేసే బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది, పిల్లలు వేళ్లు నాకకుండా ఉండరు. కాబట్టి పాశ్చరైజ్ చేసిన (వేడితో క్రిములను చంపిన) తెల్లసొన గానీ మెరాంగ్ పౌడర్ (ఎండబెట్టిన తెల్లసొనతో చేసే పొడి) గానీ వాడండి. ఐసింగ్ గిన్నె మీద తడిగుడ్డ కప్పి ఉంచండి, లేకపోతే పైన పెచ్చు కడుతుంది.

నాలుగు గోడలు ముందురోజు సాయంత్రమే మీరు నిలబెట్టేసి రాత్రంతా వదిలేయండి. పైకప్పు పొద్దున్నే అంటించి, కిందికి జారకుండా ఇరువైపులా టీ కప్పులు ఆనించండి. అది గట్టిపడ్డాక, ఆ తర్వాతే క్యాండీలు. బరువైనవి గోడలకు, తేలికవి పైకప్పుకి. బాగా చిన్న పిల్లలైతే ఖాళీ పాల డబ్బాని కడిగి ఆరబెట్టి, దాని చుట్టూ బిస్కెట్లు అంటించనివ్వండి. ఇల్లు కూలే టెన్షన్ ఉండదు.

చక్కెర పాకంతో అంటిస్తే వెంటనే పట్టుకుంటుందని కొందరు చెబుతారు. నిజమే. కానీ ఆ పాకం 150 డిగ్రీల వేడిలో ఉంటుంది, చర్మానికి అంటుకుని వదలదు. పిల్లలు బల్ల దగ్గర ఉన్నప్పుడు అది వద్దే వద్దు. వంటింట్లో ఏ వేడి తగిలి కాలినా వెంటనే చల్లటి కుళాయి నీటి కింద ఇరవై నిమిషాలు పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు రాయకండి.

ప్రశ్న: కుకీల మీద తళుకులు చల్లవచ్చా? డబ్బా మీద 'విషపూరితం కాదు' అని ఉంది.

జవాబు: ఆ మాట చాలదు. 'తినదగినది' అని స్పష్టంగా రాసి, అందులో ఏమేం కలిపారో ముద్రించి ఉండాలి. లేదంటే అది అలంకార వస్తువే, కుకీ మీదకు రాకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులు వస్తున్నారు. ఒకరికి పల్లీ అలర్జీ, ఇంకొకరు పూర్తి శాకాహారులు. ఏం చూసుకోవాలి? – ఒక అమ్మ

జవాబు: పల్లీలు ఉన్న సరుకు ఆ రోజు ఇంట్లో బయటకే తీయకండి. ఒకే గరిటె అటూ ఇటూ తిరిగితే చాలు, ప్రమాదం. కొన్న ప్రతి క్యాండీ, చాక్లెట్ కవర్ దాచి ఉంచి, ఆ బాబు అమ్మగారికి చూపించండి. పల్లీల జాడ ఉండవచ్చు అని రాసినవి కూడా పక్కన పెట్టేయండి. ఆ బాబుకి మందు వెంట ఉందా, ఎలా ఇవ్వాలి అన్నది వాళ్లు రాగానే అడగండి.

శాకాహారుల విషయంలో అసలు చూడాల్సింది మార్ష్‌మాలో, జిగురు క్యాండీలు. వాటిలో చాలావరకు జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ గానీ పండ్ల నుంచి తీసే పెక్టిన్ గానీ వాడినవి తెచ్చుకోండి. ఎర్ర రంగులో కార్మైన్ అనో ఇ120 అనో కనిపిస్తే అది పురుగుల నుంచి తీసిన రంగు.

ప్రశ్న: నేను ఆరో తరగతి. రంగు అద్దాల కిటికీ ఉన్న కుకీలు చేయాలని ఉంది. క్యాండీతో అవుతుందని విన్నాను. ఎలా?

జవాబు: చాలా మంచి ఆలోచన తల్లీ! రంగురంగుల గట్టి క్యాండీలు తీసుకుని ఒక్కో రంగునీ వేరే కవర్‌లో వేసి నలగ్గొట్టు, రంగులు కలిసిపోతే బురద రంగు వస్తుంది. కుకీ పిండిని కాస్త మందంగా పరిచి, పెద్ద నక్షత్రం ఆకారంలో కోసి, మధ్యలో చిన్న నక్షత్రం తీసేయ్. ఇవన్నీ బేకింగ్ పేపర్ మీదే చేయాలి, లేకపోతే క్యాండీ ట్రేకి అతుక్కుపోతుంది. పచ్చి పిండి నోట్లో వేసుకోకు. అందులో గుడ్డే కాదు, ఉడకని మైదాలో కూడా హాని చేసే బ్యాక్టీరియా ఉండవచ్చు.

కుకీలు దాదాపు కాలాక ట్రేని ఓవెన్ నుంచి తీసే పని అమ్మకి గానీ నాన్నకి గానీ అప్పగించు. మధ్య ఖాళీలో క్యాండీ పొడిని అంచుల దాకా నింపాలి. ఆ తర్వాత ఓవెన్‌లో మూడు నాలుగు నిమిషాలు చాలు, పొడి కరిగి నున్నగా పరుచుకుంటుంది. బుడగలు మరీ ఎక్కువ వస్తున్నాయంటే తీసేయమను. అప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే, అస్సలు ముట్టుకోకుండా ఆగడం. పూర్తిగా చల్లారితే పేపర్ దానంతటదే ఊడి వస్తుంది.

గాలిలో తేమ ఉంటే ఈ కిటికీలు ఒకటి రెండు రోజుల్లో జిగటగా అవుతాయి. కుకీకీ కుకీకీ మధ్య బేకింగ్ పేపర్ ముక్క పెట్టి, గాలి చొరబడని డబ్బాలో దాచు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, బయటకు తీయగానే చెమ్మ పట్టి రంగు కుకీ మీదకు కారుతుంది.