నెదర్లాండ్స్‌లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళదగిన తేలికైన నడకదారులు ఏవి?

అమ్మానాన్నలు వస్తున్నారనీ, తులిప్ తోటల రద్దీ వద్దనీ, మెల్లగా నడుస్తూ ప్రకృతినీ ఒక పాత ఊరినీ చూపించాలని ఉందనీ రాశారు. మా అమ్మకు డెబ్బై ఒక ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగాయని వైద్యులు చెప్పి ఆరేళ్ళయింది. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను. పది చోట్ల జాబితా ఇవ్వను, ఒక్కటే చెబుతాను. డ్రెంటె, ఫ్రీస్లాండ్ రాష్ట్రాల సరిహద్దులో ఉన్న ఫోఖ్తెలోఅర్‌వేన్ అనే పీట్ నేలలో (పీట్ అంటే పూర్తిగా కుళ్ళని నాచూ మొక్కలూ పేరుకుని ఏర్పడే చిత్తడి మట్టి, దాన్ని తవ్వి ఎండబెట్టి వంటచెరకుగా వాడేవారు) ఉదయం నడవండి, మధ్యాహ్నం పక్కనే ఉన్న వేన్‌హౌజెన్ ఊరికి వెళ్ళండి. ఈ రెండింటినీ ఒకే రోజు, ఇదే వరుసలో చూడాలి. ఒకటి చూసి రెండోది వదిలేసినవాళ్ళు సగం కథ విని లేచిపోయినవాళ్ళే.

ముందుగా ‘తేలిక’ అనే మాట గురించి కొంచెం చెప్పాలి. నడకదారులు చూపించే యాప్‌లు దారి ఎంత ఎత్తు ఎక్కుతుందో చూసి తేలిక, కష్టం అని ముద్ర వేస్తాయి. బల్లలా చదునుగా ఉండే ఈ దేశంలో ఆ లెక్కన ప్రతి దారీ తేలికే. అరిగిన మోకాలికి ఎత్తుతో పాటు అడుగు కింద ఏముందన్నదీ ముఖ్యమే. తడిసి పాకుడు పట్టిన చెక్క పలక, కాలు దిగబడే బురద, తిరిగి రావడానికి వీలు లేకుండా చుట్టూ తిప్పి తీసుకువెళ్ళే దారి, ఇవే అసలైన కష్టాలు. అలసినప్పుడు వెనుదిరగగలిగే దారినే నేను తేలికైన దారి అంటాను. ఈ విషయం ఆ యాప్‌లకు ఎవరు చెబుతారో తెలియదు.

మేము వెళ్ళింది సెప్టెంబరు చివరలో, పొగమంచు ఇంకా విడవని ఉదయం. రంగు కొయ్యలు పాతి గుర్తు పెట్టిన చిన్న దారి ఒకటి ఎంచుకున్నాము. కొంత దూరం గట్టి మట్టిబాట, తడి ఎక్కువగా ఉన్నచోట చెక్క పలకలు. నేను కొనిచ్చిన చేతికర్రను అమ్మ కారులోనే వదిలేసి, కర్ర పట్టుకుంటే ముసలిదాన్నయిపోతానని చెప్పి పొడవాటి గొడుగు తీసుకుంది. పలకల మీద సగం దూరం వెళ్ళాక ఆగి, పక్కనున్న ఆకుపచ్చ నాచు గట్టి నేలేమోనని గొడుగు మొన ఆనించింది. అది ఆగలేదు. ఏ అడ్డూ లేనట్టు పిడి దాకా దిగిపోయింది. ఇద్దరమూ కలిసి లాగితే, నేల గుటక వేసినట్టు చప్పుడు చేస్తూ బయటికి వచ్చింది, కొస నుంచి పిడి దాకా ముదురు గోధుమరంగు నీళ్ళు కారుతూ. ఆ నేలను అలా పొడవకూడదు, బాట దాటి కాలూ పెట్టకూడదు; తప్పు మాదే.

“ఇది నేల కాదురా, నీళ్ళ మీద పరిచిన పరుపు,” అంది అమ్మ.

పీట్ నేల గురించి నేను చదివిన వాక్యాలన్నిటికంటే ఆ మాట నాకు కచ్చితంగా తోచింది. స్ఫాగ్నం అనే ఆ నాచు తన పొడి బరువుకు దాదాపు ఇరవై రెట్ల నీటిని పట్టి ఉంచగలదు. పైన పెరుగుతూ అడుగున చచ్చిపోతుంది, కానీ ఆ పుల్లని, గాలి ఆడని నీటిలో పూర్తిగా కుళ్ళదు కనుక పొర మీద పొరగా పేరుకుంటుంది. ఆ పేరుకోవడం ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. అమ్మ గొడుగు దిగిన లోతు ఎనభై సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి అది ఎనిమిది వందల ఏళ్ళ కిందికి వెళ్ళి వచ్చిందని అక్కడే లెక్క వేసి చెప్పాను. అమ్మ కాసేపు ఆ గుంట వైపే చూసింది. తరువాత, “మరి దీన్ని తవ్వి పొయ్యిలో పెట్టారన్నావు కదా, ఒక పూటలో ఎన్నేళ్ళు కాల్చేవాళ్ళు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మంచు విడిపోయాక ఏడు అంకె ఆకారంలో ఉన్న పరిశీలన బురుజు కనిపించింది. దాదాపు పద్దెనిమిది మీటర్ల ఎత్తు. అమ్మ కింద కూర్చుంది, నేను ఎక్కాను. ఈ దేశంలో కొన్ని శతాబ్దాల పాటు గూడు కట్టని క్రౌంచ పక్షులు 2001లో మళ్ళీ గూడు పెట్టింది ఈ నేలలోనే. చుట్టుపక్కల కంటే ఉబ్బి ఎత్తుగా పెరిగిన ఇలాంటి పీట్ నేల వాన నీటి మీదే బతుకుతుంది కనుక, నీటిని బయటికి పోనిచ్చే పాత కాలువలకు అడ్డుకట్టలు వేసి ఆ నీటిని నిలబెట్టిన ఫలితమది. నాకు ఆ రోజు ఒక్క పక్షీ కనిపించలేదు. కింద కూర్చున్న అమ్మకు మాత్రం రెండింటి అరుపు వినిపించిందట.

మీరు వెళ్ళేటప్పుడు గాలిని ఆపే దుస్తులు తీసుకువెళ్ళండి, ఎందుకంటే అక్కడ చెట్టు చాటు తక్కువ. పక్షులు పిల్లలు చేసే వసంతకాలంలో కొన్ని దారులు మూసి ఉండవచ్చు. ఇంటికి రాగానే కాళ్ళకు నల్లులవంటి టిక్ పురుగులు పట్టాయేమో చూసుకోండి. అవి లైమ్ వ్యాధిని అంటించగలవు. విషసర్పమైన ఆడర్ కూడా అక్కడ ఉంది కాబట్టి బాట మీదే నడవడం మంచిది.

కాలువల ఊరుగా పేరుపడ్డ గీట్‌హూర్న్‌కు వెళ్ళకూడదా అని అడిగేవాళ్ళు ఉంటారు. ఆ ఊరి కాలువలు కూడా పీట్ మోయడానికి తవ్వినవేననీ, చుట్టూ ఉన్న చెరువులు పీట్ తవ్వగా మిగిలిన గుంటలేననీ తెలియకుండా చాలామంది పడవలో ఫొటోలు దిగి వచ్చేస్తారు. వెళ్ళండి, కానీ దాన్ని నడక అనకండి.

వేన్‌హౌజెన్‌కు కారులో ఎంతో సేపు పట్టదు. ‘వేన్’ అంటేనే పీట్ నేల. నెపోలియన్ యుద్ధాల తరువాత పేదరికం పెరిగినప్పుడు యోహానెస్ వాన్ డెన్ బాష్ అనే సైనికాధికారి 1818లో ఒక పరోపకార సంఘం పెట్టి, పట్నాల బీదలను ఈ బీడు నేలలకు తరలించి పనిలో పెడితే బాగుపడతారని నమ్మాడు. 1820లలో ఇక్కడ అనాథలకూ బిచ్చగాళ్ళకూ మూడు పెద్ద చదరపు భవనాలు లేచాయి. 1859లో వాటిని ప్రభుత్వం తీసుకుంది, క్రమంగా ఊరంతా జైలయింది. 1984 దాకా బయటివాళ్ళకు స్వేచ్ఛగా ప్రవేశం లేదు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇదే వాన్ డెన్ బాష్ తరువాత డచ్ ఈస్ట్ ఇండీస్‌కు (నేటి ఇండోనేషియా) గవర్నర్ జనరల్‌గా వెళ్ళి, జావా రైతుల చేత బలవంతపు సాగు చేయించాడు. ఇతరుల చేత పని చేయించడంలో ఆయనకున్న ఉత్సాహానికి హద్దు ఉన్నట్టు లేదు.

వీధులు తిన్నగా, చెట్ల నీడలో, మోకాళ్ళకు అనువుగా ఉంటాయి. ఉద్యోగుల ఇళ్ళ గోడల మీద నీతివాక్యాలు చెక్కి ఉంటాయి. అమ్మ ప్రతిదానికీ అర్థం చెప్పమంది. ఒకదాని మీద ‘పని చేయి, ప్రార్థించు’. మందులు తయారు చేసేవాడి ఇంటి మీద ‘చేదు, తీపి’. మొదటిది విని, “ఇది రాయించినవాడు ఒక్కరోజైనా ఆ పరుపు తవ్వాడా?” అంది. రెండో భవనంలో ఇప్పుడు జైలు మ్యూజియం ఉంది, పిల్లలకు నచ్చుతుంది. మాకు దానికంటే ఊరి చివరి శ్మశానం ఎక్కువ నచ్చింది. ఆ మూడు భవనాలను ఒకటో సంస్థ, రెండో సంస్థ, మూడో సంస్థ అని పిలిచేవారు కాబట్టి జనం శ్మశానానికి ‘నాలుగో సంస్థ’ అని పేరు పెట్టారు.

మీరు మోకాళ్ళ సంగతి అడిగారు కనుక చెబుతున్నాను: ఆ రోజు మొత్తం మీద అమ్మ నడిచింది నాలుగు కిలోమీటర్లకు కొంచెం తక్కువ, కూర్చున్నది ఐదుసార్లు, అందులో అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చున్నది ఆ శ్మశానంలోనే.