రాట్‌వైలర్‌ని పంపేయమంటున్న హెచ్‌ఓఏ: ముందు కౌంటీ రికార్డు చూడండి

ప్రశ్న: మాది టెక్సాస్‌లోని ఫ్రిస్కో. 2022లో ఇల్లు కొన్నాం. రెండున్నరేళ్లుగా రాట్‌వైలర్‌ని పెంచుతున్నాం. ఎవరినీ కరవలేదు, మా బాబుకి అదే ప్రాణం. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సీసీఆర్‌లో (కాలనీ షరతుల పత్రం) కుక్క జాతుల ఊసే లేదు. ఈ జనవరిలో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) బోర్డు కొత్త రూల్స్ ఈమెయిల్ చేసింది. వాటిలో రాట్‌వైలర్‌కి నిషేధం. పక్కింటివాళ్ల ఫిర్యాదు మీద, 30 రోజుల్లో పంపేయాలని సర్టిఫైడ్ మెయిల్ వచ్చింది. పోస్టాఫీసు వాళ్లు చీటీ పెట్టినా నేను వెళ్లి తీసుకోలేదు, మొన్ననే తెచ్చుకున్నాను. అది పోస్టు చేసి 19 రోజులయింది. ఆరు నెలలు టైమిస్తే కుక్కని ఎవరికైనా ఇచ్చేస్తానని మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టాను. జాతిని బట్టి నిషేధించకూడదని టెక్సాస్‌లో చట్టం ఉందట కదా? మానసిక సమస్యకి కుక్క తోడు అవసరమని రాసిచ్చే ఎమోషనల్ సపోర్ట్ లెటర్ ఆన్‌లైన్‌లో 150 డాలర్లకి దొరుకుతుందని ఫ్రెండ్ అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: కుక్క మంచిదా కాదా, బాబు ఎంత బాధపడుతున్నాడు అన్నవాటితో ఈ కేసు తేలదు. ఆ నిషేధం ఏ పత్రంలో ఉంది, ఆ పత్రం కౌంటీ క్లర్క్ దగ్గర (ఆస్తి పత్రాలు నమోదు చేసే ఆఫీసు) ఎప్పుడు రికార్డయింది అన్నదే తేలుస్తుంది.

మీరు విన్న చట్టం ఉంది. అయితే అది నగరాలకీ కౌంటీలకీ మాత్రమే వర్తిస్తుంది. హెచ్‌ఓఏది ఇల్లు కొన్నవాళ్లతో ఉన్న ఒప్పందం కాబట్టి దాని జోలికి ఆ చట్టం రాదు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

మీకు పనికొచ్చేది టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 202.006 సెక్షన్. హెచ్‌ఓఏ రూల్స్ కౌంటీ రికార్డుల్లో ఫైల్ అయ్యేదాకా చెల్లవు. ఈమెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్ ఒక్కటే చాలదు. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. మీ ఇల్లు ఏ కౌంటీలోకి వస్తుందో చూసుకుని, ఆ క్లర్క్ వెబ్‌సైట్‌లో మీ సబ్‌డివిజన్ పేరుతోనూ అసోసియేషన్ పేరుతోనూ వెతకండి. రూల్ కనిపించకపోతే, బోర్డు ముందు మీ మాట చెప్పుకునే హియరింగ్‌లో మీ మొదటి వాదన అదే. అయితే వాళ్లు రేపే ఫైల్ చేసి కొత్త నోటీసు ఇవ్వగలరు, కాబట్టి అక్కడితో ఆగిపోకండి.

రికార్డయి ఉంటే డిక్లరేషన్ (మీరు సీసీఆర్ అన్న పత్రమే) తెరిచి, పెంపుడు జంతువుల మీద రూల్స్ చేసే అధికారం బోర్డుకి ఇచ్చారా చూడండి. ఇచ్చి ఉంటే మీ దారి కష్టమే. ఆ అధికారాన్ని వాడిన తీరు సమంజసమేనని 202.004 కింద కోర్టు ముందుగా అనుకుంటుంది. అది అడ్డగోలుగానో వివక్షతోనో జరిగిందని మీరే నిరూపించాలి. అధికారం లేకపోతే డిక్లరేషన్‌నే సవరించాలి. దానికి మొత్తం ఓట్లలో 67 శాతం కావాలి (డిక్లరేషన్‌లో అంతకన్నా తక్కువ రాసి ఉంటే అంత). రూల్ పెట్టిన బోర్డు మీటింగ్‌కి ముందుగా నోటీసిచ్చారా, అందరినీ రానిచ్చారా అన్నదీ చూడాలి. ఇప్పటికే ఉన్న కుక్కలకి మినహాయింపు రాశారేమో కూడా చూడండి. చాలామంది ఆ పేరా దాకా చదవరు.

ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కదా అన్న వాదన నిలబడదు. ఇలాంటి షరతుల అమలుకి టెక్సాస్‌లో నాలుగేళ్ల గడువుంది.

ఇక మీ నిర్లక్ష్యం సంగతి. సర్టిఫైడ్ మెయిల్ తీసుకోకపోతే గడువు ఆగుతుందనుకున్నారా? హియరింగ్ అడగడానికి ఉన్న 30 రోజులు పోస్టు చేసిన తేదీ నుంచే లెక్క. మీకు మిగిలింది 11 రోజులు. మేనేజర్‌కి పెట్టిన ఆ ఈమెయిల్ ఇంకా పెద్ద తప్పు. రూల్ చెల్లుతుందని మీరే రాసిచ్చినట్టుగా దాన్ని చూపిస్తారు. ఇకనుంచి మేనేజర్‌కి అలాంటి హామీలేవీ రాయకండి.

ఆ 150 డాలర్ల లెటర్ జోలికి అసలు పోకండి. ఇళ్ల విషయంలో వివక్షని ఆపే ఫెయిర్ హౌసింగ్ చట్టం ఇక్కడ రక్షించేది నిజంగా వైకల్యం ఉన్నవాళ్లని. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి సమస్య ఉండి, చికిత్స చేస్తున్న డాక్టరే రాసిస్తే అది వేరే కేసు. అప్పుడు కూడా హెచ్‌ఓఏ ఒప్పుకోకపోతే హడ్‌కి (ఫెడరల్ గృహనిర్మాణ శాఖ) ఏడాదిలోపు ఫిర్యాదు, రెండేళ్లలోపు కోర్టు దావా వేయవచ్చు. అంతేగాని ఆన్‌లైన్ కాగితం చూపించి, కుక్కకి సర్వీస్ డాగ్ వెస్ట్ (కోటు) తొడిగి, శిక్షణ పొందిన సర్వీస్ డాగ్ అని చెబితే టెక్సాస్‌లో అది నేరం: 1,000 డాలర్ల దాకా జరిమానా, 30 గంటల సామాజిక సేవ. మీరు హెచ్1బీ మీద ఉంటే, శిక్ష పడిన సంగతి వీసా స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు డీఎస్-160 దరఖాస్తులో రాయాల్సి వస్తుంది.

ఈ వారంలోనే రెండు ఉత్తరాలు సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. ఒకటి హియరింగ్ కోరుతూ. రెండోది 209.005 కింద ఆ రూల్, దాన్ని ఆమోదించిన మీటింగ్ నోటీసు, మినిట్స్, జరిమానా పాలసీ కాపీలు అడుగుతూ. వీటికి వాళ్లకి పది పనిదినాలుంటాయి, కావాలంటే ఇంకో పదిహేను తీసుకోవచ్చు. పోస్టు రసీదులు, కవరు కూడా దాచండి. మీ మీద వాడబోయే ఆధారాల కట్ట హియరింగ్‌కి పది రోజుల ముందు మీ చేతికి రావాలి. రాకపోతే 15 రోజుల వాయిదా మీ హక్కు. హియరింగ్‌ని ఆడియో రికార్డ్ చేసుకోవచ్చు. కుక్కకి రేబిస్ టీకా కాగితాలు, వెట్ రికార్డు, కరిచిన ఫిర్యాదు లేదని సిటీ యానిమల్ సర్వీసెస్ నుంచి ఏదైనా దొరికితే అదీ తీసుకెళ్లండి. కేసు గెలిపించేవి ఇవి కావు, మినహాయింపు అడగడానికి పనికొస్తాయి.

హియరింగ్‌లో ఓడితే జరిమానాలు మొదలవుతాయి. కేవలం జరిమానా బాకీకి ఇంటిని ఫోర్‌క్లోజ్ చేయలేరు (బాకీ కింద అమ్మించలేరు). కానీ హెచ్‌ఓఏ దావా వేస్తే రోజుకి 200 డాలర్ల దాకా నష్టపరిహారం, వాళ్ల లాయరు ఫీజు మీ మీద పడొచ్చు. అంచేత డిక్లరేషన్‌లో బోర్డుకి అధికారం ఉందని తేలితే, హియరింగ్‌లోనే కంచె ఎత్తు, మూతి బుట్ట, లయబిలిటీ ఇన్సూరెన్స్ లాంటి షరతులకి ఒప్పుకుని ఈ ఒక్క కుక్కకి రాతపూర్వక మినహాయింపు తెచ్చుకోండి.