వారం వారం గుడికి వెళ్తే నిజంగా మనశ్శాంతి వస్తుందా? నా వాడపల్లి శనివారాల సంగతి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో ఉద్యోగం, నిద్ర సరిగ్గా పట్టట్లేదు, ఇంట్లోవాళ్ళు వారానికొకసారైనా గుడికి వెళ్ళమంటున్నారు, వెళ్తే నిజంగా ప్రశాంతత వస్తుందా, లేక వచ్చిందని మనమే అనుకుంటామా అని. పెద్ద వేదాంతం నాకు తెలీదండీ. నాకు జరిగింది చెప్తాను.

మాది రాజమండ్రి. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. నాలుగేళ్ళ క్రితం నాన్నగారు పోయాక నాకూ మా అన్నయ్యకూ ఆసుపత్రి ఖర్చుల దగ్గర మాటామాటా పెరిగింది. నేను పెట్టింది రెండు లక్షల ఎనభై వేలు, అన్నయ్య ఇచ్చింది అరవై. బిల్లులన్నీ పుస్తకంలో తేదీలతో సహా ఎక్కించి పెట్టుకున్నాను. పద్నాలుగు నెలలు మాటల్లేవు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, కళ్ళు మూసుకుని ఆ పుస్తకమే తిరగేసేవాణ్ణి.

మా అమ్మ వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కమంది. తెలీనివాళ్ళ కోసం: వాడపల్లి కోనసీమలో, ఆత్రేయపురం మండలంలో, గౌతమీ గోదావరి ఒడ్డున ఉంటుంది. కోనసీమ తిరుపతి అంటారు. స్వామి ఎర్రచందనపు మూర్తి. చందనపు మాను గోదావరిలో కొట్టుకొచ్చిందని స్థలపురాణం. ఏడు శనివారాలు వెళ్ళాలి, వెళ్ళినప్పుడల్లా గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేయాలి. నేనేమీ భక్తితో వెళ్ళలేదు. అమ్మ బండి వెనకాల ఎక్కి కూర్చుంటే దించలేక వెళ్ళాను.

తెల్లారుఝామున నాలుగున్నరకి ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కితే గాలి చల్లగా కొట్టింది, బొబ్బర్లంక దాటాక కాలవ పక్కన మంచు. అక్కడిదాకా బాగానే ఉంది. గుడి దగ్గర జనాన్ని చూసేసరికి నాకు చిరాకెత్తింది. అప్పటికే వేలమంది. ప్రదక్షిణలో ఎవరో నా మడమ తొక్కారు, ఇంకెవరి కొబ్బరికాయల సంచో మోకాలికి తగులుతోంది, చుట్టూ గోవింద నామాలు. ఆ తోపులాటలో ఆరోదో ఏడోదో మర్చిపోయాను.

"అమ్మా, లెక్క తప్పింది, ఏడు అయ్యాయేమో."

"అనుమానం వస్తే తక్కువే అనుకోవాల్రా. ఇంకోటి తిరుగు, ఎక్కువైతే స్వామేం కోప్పడడు."

ఉదయం నుంచి రాత్రిదాకా లెక్కలు రాసేవాణ్ణి, పదకొండు దాకా లెక్కపెట్టలేకపోయానని నవ్వొచ్చింది. రెండోవారం నుంచి చొక్కా జేబులో పదకొండు చింతగింజలు వేసుకెళ్ళాను. చుట్టు పూర్తయితే ఒక గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. మీకు తమాషాగా ఉండొచ్చుగానీ, ఆ గంటన్నర నా బుర్రలో అప్పుల పుస్తకం తెరుచుకోలేదు. కాళ్ళు నడుస్తుంటాయి, చెయ్యి గింజని నలుపుతుంటుంది, నోరు గోవిందా అంటుంటుంది. బుర్రకి ఖాళీ లేదు. శాంతి అంటే నాకు మొదట దొరికింది అదే, ఇంకేం కాదు.

నాలుగోవారం మిల్లులో స్టాకు చూపించాల్సొచ్చి వెళ్ళలేకపోయాను. వరస తప్పితే మళ్ళీ మొదటినుంచి చేయాలా అని చాలామంది అడుగుతారు. ఒకరు చేయాలంటారు, ఒకరు ఎక్కడ ఆగితే అక్కణ్ణించి చాలంటారు. ఆడవాళ్ళు ఇబ్బంది వచ్చిన వారం మానేసి తర్వాతి వారం నుంచి కొనసాగించడం మా ఇంట్లో మామూలే. నేనుమాత్రం మొదటినుంచి మొదలుపెట్టాను. భక్తి పెరిగి కాదు, శనివారం పోగొట్టుకోవడం ఇష్టంలేక.

మొక్కు తీరిందా అంటే, తీరలేదండీ. నేను మొక్కింది అన్నయ్య డబ్బులిస్తాడని. ఇవ్వలేదు.

కానీ ఏడువారాలూ అయిపోయిన కొన్నాళ్ళకి ఒక రాత్రి ఆ పుస్తకం తీస్తే, ఎందుకో అమ్మ మాట గుర్తొచ్చింది, అనుమానం వస్తే తక్కువే అనుకోవాలని. నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న ఇరవైమూడు రాత్రుల్లో పందొమ్మిది రాత్రులు మంచం పక్కన నేలమీద పడుకున్నది అన్నయ్య. నేను మిల్లు ఉందని ఇంటికి వచ్చేసేవాణ్ణి. ఆ పందొమ్మిదీ నా పుస్తకంలో ఏ వరసలోనూ లేవు. మర్నాడు ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "అమ్మకి బానే ఉందా?" అన్నాడు. డబ్బు సంగతి ఇద్దరం ఎత్తలేదు, ఇప్పటికీ ఎత్తలేదు. మా మధ్య అంతా బాగైపోయిందని అబద్ధం చెప్పను. పండక్కి వస్తాడు, భోంచేసి వెళ్తాడు.

నిద్ర సంగతి కూడా దాచకుండా చెప్పాలి. డాక్టరుకి చూపించుకున్నాను, మూడు నెలలు మందులు వాడాను. మీకు నెలల తరబడి నిద్ర లేకపోతే గుడికి వెళ్ళండి, డాక్టరు దగ్గరికీ వెళ్ళండి. ఒకటి చేస్తే రెండోది మానేయాలని ఎక్కడా లేదు.

ఇప్పుడు నేను ప్రతి శనివారం వాడపల్లి వెళ్ళట్లేదు, ఆ రద్దీని అమ్మ తట్టుకోలేకపోతోంది. మా వీధి చివర చిన్న రామాలయం ఉంది, సాయంత్రం ఆరున్నరకి అక్కడే పదకొండు చుట్లు. గుడి చుట్టు చిన్నదే, పావుగంటలో అయిపోతుంది. పూజారిగారు అప్పుడప్పుడు చేతిలో పులిహోర పెట్టి మిల్లులో నూకల ధర అడుగుతారు.

మీరూ ఇంటికి దగ్గరలో ఏదో ఒకటి చూసుకోండి. దూరమైతే మూడోవారానికే బద్ధకం వస్తుంది. వారం, వేళ మార్చకండి, ఫోను ఇంట్లో పెట్టేయండి. మొదటి రెండు మూడు వారాలు చిరాకే వస్తుంది, నాకూ వచ్చింది. ఎప్పుడైనా వాడపల్లి రావాలనిపిస్తే శుక్రవారం రాత్రికే రాజమండ్రిలో దిగి తెల్లారకముందే బయల్దేరండి, ఎండెక్కితే రాళ్ళమీద కాళ్ళు కాల్తాయి. వచ్చేదారిలో ఆత్రేయపురంలో బెల్లం పూతరేకులు తీసుకోండి, పంచదారవి వద్దు.