ఐసీపీ-ఎంఎస్ కోర్సు ఒక్కటే చాలదు

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఔషధ మొక్కల కాయల్లో భారలోహాలు, ఖనిజాలు పరీక్షించే ల్యాబ్‌లో చేరాలని ఉంది. లోహాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంపై నెల రోజుల కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందా?

జవాబు: కోర్సు చేయండి, తప్పులేదు. దాన్నే నమ్ముకోవద్దు. కొత్తవాళ్ల చేతికి మామూలుగా ముందు వచ్చేది యంత్రం కాదు, శాంపిల్ తయారీ. ఫలితం చెడిపోయేదీ ఎక్కువగా అక్కడే.

కాయను కడగాలా వద్దా అన్న దగ్గరే తేడా వస్తుంది. చెట్టు ఎంత సీసం పీల్చుకుందో తెలియాలంటే డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీటితో కడగాలి. అమ్మే సరుకు సురక్షితమో కాదో తేల్చాలంటే కడగకూడదు. వాడేవాళ్ల కడుపులోకి పోయేది దుమ్ముతో సహా కదా! పాదరసం కూడా చూడాలంటే ఆరబెట్టే వేడి 40 డిగ్రీలు దాటనివ్వకండి, ఆవిరైపోతుంది. స్టీలు బ్లేడ్లతో పొడి కొడితే క్రోమియం, నికెల్ కలుస్తాయి. అగేట్ (గట్టి రాయి) రోలు మేలు.

తర్వాత 0.5 గ్రాముల పొడికి 7 మి.లీ. గాఢ నైట్రిక్ ఆమ్లం, 1 మి.లీ. హైడ్రోజన్ పెరాక్సైడ్. చక్కెర ఎక్కువున్న పండైతే ఆమ్లం పడగానే పొంగుతుంది. అందుకే ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో పావుగంట వదిలేసి, ఆ తర్వాతే పొడిని ఆమ్లంలో కరిగించే మైక్రోవేవ్ డైజెస్టర్‌లో పెట్టి మెల్లగా 180-200 డిగ్రీలకు తీసుకెళ్తారు. పూర్తిగా చల్లారాక 50 మి.లీ.కి పలచన చేస్తారు.

ఇప్పుడు లెక్క. ఆ ద్రావణాన్ని యంత్రంలో పెడితే కాడ్మియం రీడింగ్ లీటరుకు 4 మైక్రోగ్రాములు వచ్చిందనుకోండి. 50తో గుణించి 0.5తో భాగించి యూనిట్లు సరిచేస్తే కిలోకు 0.4 మి.గ్రా. ఔషధ మొక్కల సరుకుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 0.3. అంటే ఫెయిల్. కానీ శాంపిల్ లేకుండా అదే ఆమ్లంతో, అదే పాత్రలో నడిపిన బ్లాంక్ లీటరుకు 1.5 మైక్రోగ్రాములు చూపిస్తే అది తీసేశాక మిగిలేది 2.5, అంటే కిలోకు 0.25 మి.గ్రా. పాస్! అయినా ఆ రిపోర్టు పంపకూడదు. బ్లాంక్ అంత ఎక్కువ ఉందంటే పాత్రలో, ఆమ్లంలో ఏదో తేడా ఉంది. పాత్రలను 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

మీ కాలేజీలో ఐసీపీ-ఎంఎస్ లేకపోయినా దిగులు పడకండి. ఫ్లేమ్ ఏఏఎస్ (మంటలో లోహం పీల్చే కాంతిని బట్టి కొలిచే యంత్రం) ఉంటే కాల్షియం, ఇనుము, జింక్‌లపై ప్రాజెక్టు చేయండి. కాల్షియానికి లాంథనం కలపడం మరవకండి, లేకపోతే కాయలోని ఫాస్ఫేట్ రీడింగ్‌ను తగ్గించేస్తుంది. ప్రతి విడతలో మూడు బ్లాంకులు, ఒక డూప్లికేట్ (అదే శాంపిల్ రెండోసారి), ఒక స్పైక్ (తెలిసిన మోతాదులో లోహం కలిపిన శాంపిల్) పెట్టండి. రికవరీ, అంటే కలిపినదానిలో తిరిగి కనిపించిన భాగం, 80-120 శాతం మధ్య ఉందో లేదో రాసుకోండి.

రెజ్యూమెలో యంత్రం పేరు పక్కన ఆ అంకెలు కూడా వేయండి. ఇంటర్వ్యూలో ఆర్సెనిక్ తప్పుగా ఎక్కువ ఎందుకు చూపిస్తుందని అడగొచ్చు: యంత్రంలోని ఆర్గాన్, శాంపిల్‌లోని క్లోరిన్ జతకట్టి అదే 75 ద్రవ్యరాశి దగ్గర కూర్చుంటాయి, హీలియం మోడ్‌లో (హీలియం వాయువు పంపి) వాటిని వడకడతారు. ఎమ్మెస్సీ సంగతి ఈ ప్రాజెక్టు అయ్యాక చూసుకోవచ్చు. ఐఎస్‌ఓ 17025 (పరీక్షా ల్యాబ్‌ల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణం) మాత్రం ఇప్పుడే చదవడం మొదలుపెట్టండి.