నీ కాలుతో చూసి సంతకం పెట్టకు

జగిత్యాల

శ్రీకాంత్ బిడ్డా,

నువ్వు పంపిన ఫొటో పెద్దగ చేసి చూసిన. ఆస్పత్రి ఓపీ గేటు, ఒంటి రెక్క అద్దం తలుపు, ముందొకటి లోపలొకటి నల్ల రబ్బరు మ్యాట్లు, చుట్టూ అల్యూమినియం పట్టీ. ముందటి మ్యాటుకు ఎడమ మూల పట్టీ లేచి ఉంది, నువ్వు చూసినవో లేదో. "పెద్దబాపూ, ఇది నీ కాలం సామాను, తీసేసి రాడార్ పెట్టుకోమని చెప్పాల్నా?" అని అడిగినవ్. దాని సంగతి తర్వాత చెప్త. ఈ నెల నుంచి ఆ తలుపు సర్వీసు కాగితం మీద సంతకం నీది. ఫోన్ల చెప్తే సగం యాదికుండదని రాస్తున్న.

ముందుగల్ల మ్యాటు లోపల ఏముందో తెలుసుకో. రెండు పల్చటి రేకులు, అవి ఒకదానికొకటి అంటకుంట నడిమిట్ల కరెంటు పారని ముక్కలు. కాలు పడ్తే పై రేకు వంగి కింది రేకుకు తగుల్తది, తలుపును నడిపే డబ్బాల రిలే, అంటే కరెంటుతోని పనిచేసే చిన్న స్విచ్చు, టక్కుమంటది, మోటారు తిరుగుతది. చాలా వాటిల్ల 24 వోల్టులే. మనిషి, కుక్క, కూరగాయల బండి దానికి అన్నీ ఒక్కటే, బరువు ఒక్కటే ఎరుక.

అట్లని తక్కువ చెయ్యకు. రాడార్ 24 గిగాహెర్ట్జ్ కాడ తరంగాలు కొట్టి కదిలేదాన్ని పట్టుకుంటది. కదలకుంట నిలబడ్డోడు దానికి లేనట్టే. అందుకే రాడార్ పెట్టిన కాడ తలుపు దారిల ఇన్‌ఫ్రారెడ్ కన్ను వేరే పెడ్తరు. మ్యాటుకు ఆ తిప్పలు లేదు, నిలబడ్డంత సేపూ మనిషున్నట్టే.

నేను షార్జాల తలుపుల పని చేసినప్పుడు మా ఫోర్‌మన్ ఒక ముచ్చట చెప్పేటోడు. చైనాల సూయి వంశపు యాంగ్ చక్రవర్తి, 7వ శతాబ్దం మొదట్ల, తన పుస్తకాల గదులకు ఇసొంటి తలుపులే పెట్టించుకున్నడట. ధూపం పట్టుకున్న దాసీలు ముందు నడిచి నేలల ఉన్న మీట తొక్కితే తెరలు లేచి తలుపులు వాటంతట అవే తెరుచుకునేటివట. చక్రవర్తి పోంగనే మల్ల మూసుకునేటివి. ఇప్పటి పక్కకు జరిగే ఆటోమేటిక్ తలుపు మాత్రం గాలి పుణ్యమా అని వచ్చింది. టెక్సాస్‌ల కార్పస్ క్రిస్టీ అని సముద్రం ఒడ్డు ఊరు. అక్కడి గాలికి రెక్క తలుపులు ఆగక కొట్టుకుంటుంటే 1954ల లూ హెవిట్, డీ హార్టన్ అనే ఇద్దరు జరుగుడు తలుపు ఆలోచన చేసిన్రు. దానికి మ్యాటు స్విచ్చు పెట్టిన్రు. షమాల్ అనే ఎడారి దుమ్ము గాలి లేచినప్పుడు షార్జాల రెక్క తలుపులతోని నేను పడ్డ కష్టం చూస్తే వాళ్ల మీద గౌరవం పుడ్తది. గాని ఆ చక్రవర్తి తలుపుకున్న సుఖం మనకు లేదు. అక్కడ తొక్కేది ఎవరో ముందే తెలుసు. నీ తలుపు మీదికి రేపు పొద్దున ఎవరొస్తరో నీకు తెల్వదు.

ఇప్పుడు నా తప్పు చెప్త. మీ నాన్నకు గూడ పూర్తిగ చెప్పలే.

1991 ఎండాకాలం, షార్జాల ఒక సూపర్‌మార్కెట్. నీ తలుపు లెక్కనే లోపలికి తెరుచుకునే రెక్క. బయటి మ్యాటు తెరవమని చెప్తది. లోపలి మ్యాటు సేఫ్టీది. దాని మీద ఎవరన్న ఉంటే మూసున్న తలుపు తెరుచుకోదు, తెరుచుకున్న తలుపు వాళ్ల మీదికి మూసుకోదు. రోజూ రాత్రి పైపుతోని నేల కడిగేటోళ్లు. నీళ్లు పోయి సేఫ్టీ మ్యాటు షార్టయింది. ఇగ లోపల ఎప్పుడూ ఎవరో నిలబడ్డట్టే లెక్క, తలుపు తెరువదు. గురువారం సాయంత్రం, అక్కడ తెల్లారితే సెలవు, బయట జనం అద్దం కొడ్తున్నరు, మేనేజరు నా మీద ఎగురుతున్నడు. నేను డబ్బా తెరిచి సేఫ్టీ మ్యాటు వైర్లు రెండు ఊడదీసి టేపు చుట్టిన. తలుపు వెన్న లెక్క తెరుచుకుంది. మేనేజరు చల్లటి కోలా ఇచ్చిండు. కొత్త మ్యాటు రెండు వారాలల్ల వస్తది, అప్పటిదాకా నడవనీ అనుకున్న.

నాలుగో రోజు ఒక పిలగాడు, నాలుగైదేండ్లుంటయి, లోపల ఆ మ్యాటు మీదనే కూసోని చెప్పు బెల్టు పెట్టుకుంటున్నడు. బయట ఎవరో కాలు పెట్టిన్రు. నొసటికి మూడు కుట్లు పడ్డయి. నన్ను పిలిపిచ్చిన్రు. వాళ్ల నాన్న అరవలే. "ఇది బాగుచేసింది ఎవరు" అని మాత్రం అడిగిండు. అందరూ నా యూనిఫాం దిక్కు చూసిన్రు.

ఆ సాయంత్రం తలుపు ముందు మోకాళ్ల మీద కూసుంటే ఇంకోటి కనపడ్డది. అద్దం మీద బయటిదిక్కు, నా నడుము కంటె కింద, చిన్న చిన్న చేతుల గుర్తులు. పిల్లలు వచ్చి నిలబడితే బయటి మ్యాటుకు గూడ తెలుస్తలేదు, అందుకే చేతులతోని నూకుతున్నరు. నేనేమో 75 కిలోల మనిషిని, బూట్లేసుకోని నడిమిట్ల ఒకసారి తొక్కి, తెరుచుకుంది గదా అని సంతకం పెట్టేటోన్ని. అప్పటి నుంచి ఏ తలుపు కాడికి పోయినా డబ్బా తెరవకముందు అద్దం చూస్త. నువ్వూ అదే చెయ్యి. అది తుడువకముందే పో.

ఆ తర్వాత ఒక పది కిలోల బియ్యం సంచి, కాలు పాదమంత చెక్క ముక్క తీసుకపో. సంచి ఉత్తగ పెడ్తే బరువు పరుచుకుంటది, అందుకే కింద చెక్క. మ్యాటు మీద జానెడు జానెడు జరుపుకుంట రిలే చప్పుడు విను. అంచుల కాడ, రెండు మ్యాట్లు కలిసే కాడ ఆగు. తెల్వకుండ పోయేది అక్కడే. చప్పుడు రాని చోట సుద్దముక్కతోని గీత గియ్యి, ఫొటో తియ్యి, కాగితం మీద రాయి. మ్యాటు వైర్లకు మల్టీమీటరు పెట్టి ఓమ్‌లు చూడు. తొక్కినప్పుడు సున్నా కాడికి రావాలె, తొక్కనప్పుడు ఓపెన్, అంటే వైరు తెగినట్టు, చూపాలె. తొక్కకుంట కొన్ని కిలో ఓమ్‌లు చూపుతుంటే నీళ్లు పోయినయని అనుమానపడు. గాని కొన్ని మ్యాట్లకు చివర్ల కావాల్నని రెసిస్టర్ పెడ్తరు, వైరు తెగితే డబ్బాకు తెలిసేటందుకు. 8.2 కిలో ఓమ్‌లది ఎక్కువ కనపడ్తది. లేబులు చదువకుంట నీళ్లని తీర్పు చెప్పకు.

కొత్త మ్యాటు వేసేటప్పుడు గుంత ఊడ్చి, చేత్తోని తడిమి చూడు. ఒక్క ఇసుక రవ్వ కింద ఉండిపోయినా ఆ ఒక్క చోట రేకులు ఎప్పుడూ అంటుకోనే ఉంటయి. మ్యాటును చాప లెక్క చుట్టి బండి మీద పెట్టుకోని పోకు, లోపలి రేకు మడత పడ్తది. ఇద్దరు పట్టుకోని పరిచినట్టే మోయాలె.

ఆస్పత్రిల నేల తుడిచే ఆయమ్మతోని మంచిగ మాట్లాడు. తలుపు ఏ యాళ్లకు మొరాయిస్తదో ఆమెకు తెలిసినంత మేనేజరుకు తెల్వదు. బకెటు కుమ్మరియ్యకుంట పిండిన బట్టతోని తుడువమని అడుగు. అది నీ వైరింగు కంటె ఎక్కువ పని చేస్తది. కరెంటు తీసేసి చేత్తోని నూకితే తలుపు తెరుచుకుంటదా అన్నది గూడ మేనేజరు ముందట్నే చూపెట్టు.

ఆపరేషన్ థియేటరు కాడ గోడ కింద కాలు పెట్టే స్విచ్చు వేరే ముచ్చట, అది వచ్చినంక మాట్లాడుకుందాం.

ఇగ నీ ప్రశ్న. తీసేయమనే చెప్పు. పాతదని మాత్రం చెప్పకు. దినాం మూడుసార్లు ఫినాయిలు నీళ్లతోని కడిగే కాడ, ఆ గుంతల నీళ్లు పోయే దారి లేని కాడ, మ్యాటు బతుకదు. రాడారూ, దారిల నిలబడ్డోన్ని చూసే కన్నూ రెండూ పెట్టాలె, ఒక్కటి పెట్టి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకు. ఆ కొత్తది వచ్చిందాకా మాత్రం సేఫ్టీ మ్యాటు పని చెయ్యకుంటే మోటారు ఆపి, చేత్తోని తెరిచెటట్టు పెట్టి, ఒక మనిషిని నిలబెట్టమను. అరుస్తరు, అరవనీ. వైర్లు ఊడదీయమని ఎంత పెద్దోడు చెప్పినా చెయ్యి పెట్టకు.

బాపమ్మ శుక్రవారం మోకాళ్ల డాక్టరు కాడికి అదే ఆస్పత్రికి పోతది గదా. సంచితోని అంతా చూసి సరి చేసినంక ఆమెను ఆ తలుపు నుంచే తోలుకపో. గడప కాడ ఆగి, కర్ర ముందు పెట్టి, ఊపిరి తీసుకోని, అప్పుడు రెండో కాలు ఎత్తుతది. చేయి పట్టుకోకు, అందేంత దూరంల నడువు. ఆమె ఆగినంత సేపు తలుపు ఆగుతదా చూడు. ఆగకుంటే తలుపు తెరిచి ఉంచే టైమరు పెంచు.

ఎడమ మూల పట్టీ ఫొటో ఇంకోటి దగ్గరికెళ్లి తీసి పంపు. కింద తడి ఉన్నట్టు నాకు అనుమానం.

ఇట్లు
మీ పెద్దబాపు