బ్రాట్‌కార్టోఫెల్న్ చేసే పద్ధతి: అన్న కొడుక్కి బాబాయి రాసిన ఉత్తరం

చిన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాం. మీ పిన్ని ఉప్మా అనుకుంది. కింద బ్రాట్‌కార్టోఫెల్న్, అంటే జర్మన్ల వేయించిన బంగాళాదుంపలు, అని నువ్వు రాసి ఉండకపోతే నేనూ అలాగే అనుకునేవాణ్ణి. టెన్షన్ పడకు, హాస్టల్‌కి వచ్చిన ప్రతి మనవాడి మొదటి పళ్లెం అలాగే ఉంటుంది. దుంపలు అప్పుడే ఉడికించి, వేడివేడిగా కోసి, మీ అమ్మ వేపుడు చేసినట్టు గరిటెతో తిప్పుతూ నిలబడి ఉంటావు. ఈ వంట అలా కుదరదు. దీనికి దుంప నిన్నటిది కావాలి, చెయ్యి ఊరుకోవాలి. మిగతాదంతా ఈ రెండింటి తర్వాతే.

ముందు దుంప సంగతి. ఊళ్లో మనం సంచీలో ఏది పడితే అది తెచ్చుకుంటాం. ఇక్కడ జర్మనీలో దుంపల సంచీ మీదే అది ఎలా ఉడుకుతుందో రాసి ఉంటుంది. ‘ఫెస్ట్‌కోఖెండ్’ అని ఉంటే ఉడికినా గట్టిగా నిలబడేది. దాని లేబుల్ మామూలుగా ఆకుపచ్చగా ఉంటుంది. ఎరుపు మధ్యరకం. నీలం రంగు ‘మేలిష్’ రకం, మెత్తగా పిండైపోతుంది. నీ ఫోటో చూస్తే నీలం సంచీ కొన్నావనే నా అనుమానం. అది పారేయకు, పరాఠాల్లోకి, పూరీ కూరలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. దీనికి మాత్రం ఆకుపచ్చే తీసుకో.

సంతలో ‘లిండా’ అనే రకం కనబడితే వదలకు. పసుపు రంగు, వెన్న రుచి. దాని కథ కూడా బాగుంటుంది. 1974లో అనుమతి పొందిన ఈ దుంపకి ముప్ఫై ఏళ్ల హక్కులు ముగిసే సమయంలో, 2004లో, విత్తనాల కంపెనీ దాని రిజిస్ట్రేషనే వెనక్కి తీసుకుంది. హక్కులు పోతే ఎవరైనా పండించుకోవచ్చు, రిజిస్ట్రేషనే లేకపోతే ఎవరూ విత్తనం అమ్మలేరు. లాయర్ తెలివి అది. రైతులూ, తినేవాళ్లూ కలిసి లిండాని కాపాడండంటూ గొడవ చేశారు. చివరికి 2010లో మళ్లీ అనుమతి వచ్చింది. ఒక దుంప కోసం ఇన్నేళ్లు పోట్లాడిన జనం దాన్ని ఎలా వండుతారో కాస్త ఓపిగ్గా వినడంలో తప్పు లేదు కదా.

ఇద్దరికి అరకిలో పైన ఇంకో వంద గ్రాములు చాలు. ఇంచుమించు ఒకే సైజువి ఏరుకో. తొక్కతోనే, ఉప్పు నీళ్లలో, ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. కత్తి మొన గుచ్చితే దిగాలి, దుంప మాత్రం పగలకూడదు. కుక్కర్ పెట్టకు. నీళ్లు వంచేశాక గోరువెచ్చగా ఉన్నప్పుడే తొక్క తియ్యి, అప్పుడైతే పొరలా ఊడొస్తుంది. పళ్లెంలో విడివిడిగా పెట్టి, పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి పడుకో. ఆ రాత్రి దాన్ని మర్చిపో.

ఎందుకీ రాత్రి అంటావు. ఉడికిన దుంపలో పిండి పదార్థం నీళ్లు పీల్చుకుని జిగురుగా ఉంటుంది. చల్లారే కొద్దీ అదే బిగుసుకుంటుంది. పైన ఉన్న తడి కూడా ఆరిపోతుంది. మర్నాడు కోస్తే ముక్క అంచు పదునుగా వస్తుంది, పెనం మీద వేస్తే తడి ఆవిరవడం కోసం ఎదురుచూడక్కర్లేకుండా వెంటనే రంగు తిరగడం మొదలవుతుంది. చదువుకునే రోజుల్లో నేను సాయంత్రాలు ఒక గాస్ట్‌హౌస్, అంటే ఊరి భోజన హోటలు, వంటింట్లో గిన్నెలు కడిగేవాణ్ణి. అక్కడి వంటావిడ ఇవాళ్టి ఆర్డర్లు మొదలవకముందే రేపటి దుంపలు పొయ్యెక్కించేది. ఎవరైనా వేడి దుంప కోయబోతే కత్తి లాక్కునేది.

ఒక్కటి గుర్తుపెట్టుకో, ఫ్రిజ్‌లో పెట్టేది ఉడికిన దుంపనే. పచ్చివి పెట్టకు. చలికి వాటిలో పిండి చక్కెరగా మారి, వేయించేటప్పుడు లోపల ఉడక్కముందే పైన నల్లబడతాయి, రుచి కూడా చేదెక్కుతుంది. హాస్టల్లో మీ బీరువా అడుగున, వెలుతురు తగలని చోట పెట్టుకో.

మర్నాడు ముక్కలు కోసేటప్పుడు రెండు యూరోల నాణేలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో అంత. ఇంకా పల్చగా కోస్తే విరుగుతాయి, మందంగా కోస్తే లోపల చప్పగా ఉంటుంది.

పెనం బరువుగా ఉండాలి. హాస్టల్ వంటగదిలో అందరూ గీకి పారేసిన నాన్‌స్టిక్ పెనంతో ప్రయత్నించకు. ఇనప పెనం ఒకటి కొనుక్కో, ఇరవై ఎనిమిది సెంటీమీటర్లది, దోసెలకీ పనికొస్తుంది. నూనె విషయంలో జర్మన్లకి మనకి గొడవే లేదు. వాళ్లు వాడే బుట్టర్‌ష్మాల్ట్స్ అంటే వెన్న కాచి తీసిన నెయ్యే. మనదంత ఎర్రగా కాచరు కాబట్టి వాసన తక్కువ. అమ్మ పంపిన నెయ్యి సీసా ఉంటే అది చాలు, దండిగా రెండు చెంచాలు వెయ్యి. ఉత్త వెన్న వేస్తే అందులోని పాల పదార్థం ముందే మాడుతుంది. ఆలివ్ నూనె జోలికి పోకు.

మీ పొయ్యి కరెంటుది కదా, తొమ్మిది దాకా అంకెలుంటాయి. తొమ్మిది మీద పెనం కాల్చి, నెయ్యి వేసి, ముక్కలు పరిచాక ఆరుకి తగ్గించు. గాజు పొయ్యి వేడి వెంటనే దిగదు, నువ్వు తగ్గించిన తర్వాత కూడా కాసేపు మండుతూనే ఉంటుంది. అందుకే ముక్క వేసిన వెంటనే తగ్గించాలి. పొగ పైకి లాగే మిషన్ వేసి కిటికీ తెరువు. అలారం మోగి ఫైరింజన్ వస్తే ఆ బిల్లు నేను కట్టను.

ముక్కలు ఒక్క వరసే, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. పట్టకపోతే రెండు విడతలుగా చెయ్యి. ఇక చెయ్యి వెనక్కి పెట్టుకో. ఐదారు నిమిషాలు ముట్టుకోవద్దు. మొదట చిటపట గట్టిగా వినిపిస్తుంది, తడి పోయే కొద్దీ ఆ చప్పుడు సన్నబడుతుంది. ముక్కల అంచున బంగారు రంగు గీత కనబడుతుంది. అప్పుడు పెనం ఒకసారి కుదుపు. ముక్క దానంతట అదే జారితే తిప్పే వేళ అయినట్టు. అంటుకుని ఉంటే ఇంకా కాలేదు, గీకితే నీ మొన్నటి ఉప్మానే మళ్లీ. రెండోవైపూ అంతే. మొత్తం ఇరవై నిమిషాలు పట్టనీ. రంగు బంగారుదాకా చాలు, నల్లబడనివ్వకు.

ఉల్లిపాయ ఆఖరి ఐదు నిమిషాల్లో. మనం ముందు ఉల్లిపాయతో మొదలుపెడతాం, ఇక్కడ అలా చేస్తే దుంప ఎర్రబడేలోపు అది మాడి మసైపోతుంది. ఉప్పు కూడా చివరే, ముందు వేస్తే నీళ్లు ఊరి కరకర పోతుంది. మాంసం తినేవాళ్లయితే పొగబెట్టిన పంది మాంసం, ‘ష్పెక్’ అంటారు, సన్నటి ముక్కలు చేసి ముందే వేయించి పక్కన పెట్టి, దాని కొవ్వులోనే దుంపలు వేయిస్తారు. నీ రూమ్మేట్ శాకాహారి అన్నావు కదా, బయట తినేటప్పుడు అతనికి చెప్పు: మెనూలో ఉత్త దుంపలే అని రాసి ఉన్నా చాలాచోట్ల ష్పెక్ పడుతుంది. ‘ఓనె ష్పెక్’, అంటే ష్పెక్ లేకుండా, కావాలని ముందే అడగాలి.

మసాలా అంటే మిరియాలు, కొంచెం మాయొరాన్, అంతే. ఈ మాయొరాన్ ఎండిన ఆకు సీసాలో దొరుకుతుంది. మూత తీసి వాసన చూడు. మల్లెల దండలో అమ్మ మధ్యమధ్య కట్టే మరువమే. మనం తల్లో పెట్టుకునేది వీళ్లు దుంపల్లో వేసుకుంటారు. అరచేతిలో నలిపి, పొయ్యి ఆపే ముందు చల్లు. కొందరు ‘క్యుమెల్’ కూడా వేస్తారు. అది షాజీరా జాతి గింజ, మన జీలకర్ర కాదు. మనవాళ్లు జీలకర్రనుకుని ప్యాకెట్ కొనేసి, తర్వాత చారంతా పాడైందని వాపోతుంటారు. జీలకర్ర కావాలంటే ‘క్రాయిట్స్‌క్యుమెల్’ అని ఉన్నది వెతుక్కో.

పచ్చి దుంపతో చేయకూడదా అంటే చేస్తారు. ఇంకా పల్చగా కోసి, నీళ్లలో కడిగి, బట్టతో తుడిచి, మొదటి పది నిమిషాలు మూత పెట్టి వేయించాలి. బాగానే ఉంటుంది, కానీ నాకు అది మన వేపుడుకి దగ్గర అనిపిస్తుంది. అలాంటప్పుడు మన వేపుడే చేసుకోవచ్చు కదా.

తినడానికి పక్కన ఒక గుడ్డు, ఆమ్లెట్ కాకుండా పచ్చసొన కదిలేటట్టు వేయించి, ఊరవేసిన దోసకాయ ఒకటి పెట్టుకో. హాంబర్గ్ వైపు వాళ్లు ఉప్పులో ఊరిన హెరింగ్ చేపతో తింటారు, బవేరియాలో లేబర్‌కేజ్, అంటే మెత్తగా రుబ్బి కాల్చిన మాంసం, ముక్కతో. మిగిలితే మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టకు, రబ్బరవుతుంది. పెనం మీద మళ్లీ కాస్త వేడి చేసి రెండు గుడ్లు గిలక్కొట్టి పోస్తే రైతు టిఫిను, బవెర్న్‌ఫ్రూష్టూక్, అయిపోతుంది.

ఆవాలూ కరివేపాకూ వేస్తే ఎలా ఉంటుందని అడగబోతున్నావని నాకు తెలుసు. వేసుకో, బాగానే ఉంటుంది. జర్మన్ స్నేహితులు వచ్చిన రోజు మాత్రం మానెయ్యి. పెనం కడగకుండా సింకులో వదలకు, ఇనుము తెల్లారేసరికి తుప్పు పడుతుంది. వేడి నీళ్లతో కడిగి, తుడిచి, చుక్క నూనె రాసి నీ గదిలోకి తెచ్చుకో.

మీ బాబాయి